షిరగా బొమ్మకు ప్రింటు వద్దమ్మా

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. ఒసాకాలో ఇల్లు కుదిరిందని, గోడకు జపాన్ చిత్రకారుడు షిరగా కజువో బొమ్మ ప్రింటు తెచ్చుకుంటానని రాశావు. నీ మనసు అటు మళ్ళినందుకు ఎంతో సంతోషించాను. కానీ ఆ ప్రింటు మాత్రం కొనవద్దు.

ఆయన తాడు పట్టుకుని వేలాడుతూ పాదాలతో రంగును తొక్కి, ఈడ్చి చిత్రించాడు. కాన్వాసు మీద ఆ రంగు గట్లుగా లేచి ఉంటుంది, ఒక్కో గట్టుకూ సొంత నీడ ఉంటుంది. పదార్థాన్ని మార్చకుండానే దానికి ప్రాణం పోయాలని ఆయన ఉన్న గుతాయ్ అనే చిత్రకారుల బృందం 1956 నాటి ప్రకటనలో దాని నాయకుడు యొషిహర జిరో రాశాడు. చదునైన కాగితం మీదికి వచ్చేసరికి ఆ పదార్థమే ఉండదు.

ప్రింటుకు నప్పేవి యొషిహర 1960లలో వేసిన వలయాలు. నల్లటి నేల మీద ఒకే ఒక్క తెల్లని వలయం. అక్కడ పరీక్షంతా నలుపుదే. అది బూడిద రంగుకు దిగితే తిప్పి పంపేయి. ఆయన 1972లో పోయాడు, జపాన్‌లో కాపీ హక్కులు మరణానంతరం 70 ఏళ్లు ఉంటాయి కనుక హక్కుదారుల అనుమతితో వేసినదేనా అని అడుగు. చిత్రకారిణి షినోదా తోకో సిరా గీతలు నచ్చితే, ఆవిడ స్వయంగా గీసిన లిథోగ్రాఫులే (రాయి లేదా లోహపు పలక మీద గీసి తీసే అచ్చులు) ఉన్నాయి. అవి నకళ్ళు కావు, ధర కూడా అలాగే ఉంటుంది.

‘ఆర్కైవల్’, అంటే ఏళ్ల తరబడి చెడదు, అన్న మాట ఎవరైనా అచ్చువేసుకోగలరు. నేను మొదట్లో ఆ మాట నమ్మి ఒక ప్రింటు కొని, కిటికీకి ఎదురుగా పెట్టాను. రెండేళ్లకు ఎరుపంతా వెలిసిపోయింది. అది డై ఇంకు, అంటే ద్రవంలో కరిగిన రంగు. నువ్వు పిగ్మెంట్ ఇంకు (కరగని సన్నటి రంగుపొడితో చేసినది), ఆమ్లం లేని నూలు కాగితం అని రాసి ఇమ్మను. కాగితం మీద అతినీలలోహిత టార్చి వేసి చూడు. నీలంగా మెరిస్తే అందులో తెలుపు పెంచే రసాయనం ఉంది, అది కాలక్రమాన పసుపెక్కుతుంది.

ఫ్రేము కట్టేవాళ్ళను వెనకంతా జిగురు పూయనివ్వకు. జూన్ వానల్లో కాగితం తేమకు సాగుతుంది, దానికి చోటు కావాలి. పై అంచున మాత్రమే రెండు వాషీ (జపాన్ సంప్రదాయ కాగితం) ముక్కలు, గోధుమ గంజితో అతికిస్తే చాలు. అద్దం ప్రింటును తాకకుండా మధ్యలో మౌంటు అట్ట పెట్టించు.

షిరగాను చూడాలంటే కోబెలోని హ్యోగో ప్రిఫెక్చర్ ఆర్ట్ మ్యూజియానికి వెళ్ళు, బొమ్మ ప్రదర్శనలో ఉందో లేదో ముందు కనుక్కుని. ఎదురుగా నిలబడి చూశాక, పక్కకు జరిగి గట్ల నీడలు కూడా చూడు.

మీ బాబాయి