కెమెరాలు సరే, మనుషుల సంగతి?

ప్రశ్న: మాది మారతహళ్లి దగ్గర అపార్ట్‌మెంటు. సగానికి పైగా తెలుగువాళ్లమే. పక్క లేఅవుట్‌లో ఒక పాప మీద అఘాయిత్యం జరిగిందని తెలిసినప్పటి నుంచి ఇంకిన్ని కెమెరాలు పెట్టిద్దామంటున్నారు మా సెక్రటరీ గారు. అసలు జరగకముందే ఆపే దారి చూద్దామని నేనంటే, "పిల్లల ముందు ఆ మాటలెందుకమ్మా" అంటున్నారు పెద్దవాళ్లు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: కెమెరాలు పెట్టించుకోండి, కాదనను. కానీ అవి చూసేది గేటునీ లిఫ్టునీ. మన దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు చెబుతూనే ఉన్నాయి. వాచ్‌మన్ దగ్గర ఆధార్ జిరాక్సు తీసుకుంటాం. సోఫాలో కూర్చుని కాఫీ తాగి వెళ్లే పెద్దమనిషిని ఏం అడుగుతాం?

మొన్న మా బ్లాకులో సత్యనారాయణ వ్రతం. ఆరేళ్ల పిల్లని "అంకుల్‌కి ముద్దు పెట్టు, చాక్లెట్ ఇస్తారు" అని ఒక పెద్దావిడ ముందుకు తోస్తోంది. పిల్ల వాళ్లమ్మ కొంగు పట్టుకుని వెనక్కి నక్కింది. "దానికి సిగ్గు" అని అందరూ నవ్వారు. వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు. "నమస్కారం పెడుతుందిలెండి పిన్నిగారూ" అని తేల్చేసింది. నాకు ఆ అమ్మాయి తెగ నచ్చింది. తను వద్దంటే పెద్దవాళ్లు వింటారని నమ్మకం కుదిరిన పిల్లే, రేపు ఎవడైనా చెయ్యి వేస్తే పరిగెత్తుకొచ్చి చెబుతుంది. పిల్లల ముందు మాట్లాడాల్సింది ఇదే. ఇందులో బూతేముంది?

ఇక మగపిల్లలు. వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆడపిల్లల ఫొటోలకు మార్కులు వేసుకుంటుంటే మీరు మందలించి లాభం లేదు. తలూపి ఇంకో గ్రూపు పెట్టుకుంటారు. వాళ్లతో క్రికెట్ ఆడే పెద్ద కుర్రాడొకడు "ఏంట్రా ఇది, తీసెయ్" అనాలి. అలాంటివాణ్ని వెతికి పట్టుకోండి.

ఇంటి పనికి వచ్చే ఆడవాళ్లని అందరూ మర్చిపోతారు. ఏ ఫ్లాటుకి ఒంటరిగా వెళ్లమంటే వెనకాడుతున్నారో వాళ్లని నెమ్మదిగా అడగండి. చాలా తెలుస్తుంది. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం ప్రకారం వాళ్లు జిల్లాలోని స్థానిక కమిటీకి 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వచ్చు. పనిలో పెట్టుకున్నవాళ్లలో చాలామందికే ఈ సంగతి తెలియదు, ఇక ఆ పనివాళ్లకెవరు చెబుతారు?

ఏదైనా బయటపడితే "పరువు పోతుంది, మనలో మనం తేల్చుకుందాం" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో అలా కుదరదు. తెలిసీ పోలీసులకు చెప్పకపోతే 2012 నాటి పోక్సో చట్టం కింద అదే నేరం, 6 నెలల దాకా జైలు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, పోలీసుల 112 నంబర్లను కన్నడ, తెలుగు, హిందీల్లో లిఫ్టులో అంటించండి.

ఇవన్నీ మాట్లాడుకోడానికి మీటింగు పెడితే, ఆదివారం పొద్దున మాత్రం పెట్టకండి, పనివాళ్లు రాలేరు. మధ్యాహ్నం వాళ్ల పనులయ్యాక సెల్లార్‌లో పెట్టండి. అందరికీ కుర్చీలు వేయించండి. వాళ్లకీ కుర్చీలే, చాపలు కాదు.