లినక్స్‌లో మొరాయించే వేలిముద్ర రీడర్

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నాను. వేలిముద్ర రీడర్ సెట్టింగ్స్‌లో కనిపిస్తోంది గాని, ముద్ర నమోదు తరచు మధ్యలోనే ఆగిపోతోంది. నమోదైనప్పుడు కూడా కొన్నిసార్లు గుర్తిస్తుంది, కొన్నిసార్లు గుర్తించదు. ల్యాప్‌టాప్‌ను స్లీప్ నుంచి లేపాక అసలు స్పందించదు. ఓపెన్ సోర్స్ డ్రైవర్లతోనే దీన్ని నమ్మకంగా పనిచేయించే మార్గం ఉందా?

జవాబు: చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంది. అయితే ముందుగా మీ సెన్సర్ ఏదో తెలుసుకోవాలి. టెర్మినల్‌లో, యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశం ఇస్తే ప్రతి పరికరానికీ ఒక గుర్తింపు సంఖ్య కనిపిస్తుంది. అది 06సీబీతో మొదలైతే సినాప్టిక్స్, 27సీ6తో మొదలైతే గుడిక్స్, 04ఎఫ్3తో మొదలైతే ఎలాన్ తయారీ అని అర్థం. ఆ సంఖ్య మొత్తాన్ని, లినక్స్‌లో వేలిముద్ర రీడర్లను నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అయిన లిబ్‌ఎఫ్‌ప్రింట్ ప్రాజెక్టు ప్రకటించే పరికరాల జాబితాతో పోల్చి చూడండి. తయారీదారు పేరు ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఒకే సంస్థ చేసిన రెండు చిప్‌లలో ఒకదానికి డ్రైవర్ ఉండి, రెండోదానికి లేకపోవడం సర్వసాధారణం.

ఈ సెన్సర్లు రెండు రకాలు. మొదటి రకం వేలి చిత్రాన్ని మాత్రమే కంప్యూటర్‌కు పంపుతుంది. గీతలు ఆగే చోట్లను, చీలే చోట్లను ఏరి పోల్చే పని లిబ్‌ఎఫ్‌ప్రింట్ చేస్తుంది. అందుకు అది వాడే ప్రోగ్రామ్ అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ రూపొందించినది. సెన్సర్ మరీ చిన్నదైతే చిత్రంలో అలాంటి గుర్తులు కొద్దిగానే దొరుకుతాయి కనుక, పోలిక తప్పడం సహజం. దీన్ని పూర్తిగా నయం చేసే సెట్టింగ్ ఏదీ లేదు. రెండో రకంలో పోల్చే పని చిప్ లోపలే జరుగుతుంది, కంప్యూటర్‌కు ఫలితం మాత్రమే అందుతుంది. కొత్త ల్యాప్‌టాప్ కొనేవారికి, జాబితాలో ఉన్న ఈ రెండో రకాన్నే ఎంచుకోమని గట్టిగా చెబుతాను.

నమోదు మధ్యలో ఆగిపోవడానికి ఈ రెండో రకంలో ఒక ప్రత్యేక కారణం ఉంది. ముద్రలు చిప్‌లోనే నిల్వ ఉంటాయి కనుక, డిస్కును పూర్తిగా తుడిచినా విండోస్ కాలంనాటి ముద్రలు అందులో అలాగే మిగిలిపోతాయి. అదే వేలిని మళ్లీ నమోదు చేయబోతే చిప్ ఒప్పుకోకపోవచ్చు. లినక్స్‌లో వేలిముద్రల పని చూసే ఎఫ్‌ప్రింట్‌డీ సర్వీసుకు చెందిన ఎఫ్‌ప్రింట్‌డీ-డిలీట్ ఆదేశం, లినక్స్‌లో మీరు నమోదు చేసిన ముద్రల కోసం ఉద్దేశించినది కాబట్టి, ఈ పాతవాటికి దాని మీద ఆధారపడలేం. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగల సెట్టింగ్స్‌లో) వేలిముద్రల సమాచారాన్ని చెరిపేసే ఎంపిక ఉంటుంది. మీ దాంట్లో ఉంటే ముందు అది వాడండి. తర్వాత ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే సాధనం ద్వారా సెన్సర్‌కు కొత్త ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఉందేమో చూసి, ఉంటే వేయండి.

ఇక తిరిగి నమోదు చేసేటప్పుడు తొందరపడవద్దు. వేలు పొడిగా, శుభ్రంగా ఉండాలి. ప్రతిసారీ ఒకేచోట ఆనించకుండా మధ్యభాగం, కొస, రెండు అంచులు పడేలా కొద్దికొద్దిగా జరుపుతూ పెట్టాలి. రెండు వేళ్లు నమోదు చేసుకోవడం మంచిది. ఆపైన ఎఫ్‌ప్రింట్‌డీ-వెరిఫై ఆదేశంతో పదేపదే పరీక్షించి, ఫలితం నిలకడగా ఉన్నప్పుడే లాగిన్‌కు జోడించండి. ఆ జోడింపుకు ఉబుంటు, డెబియన్‌లలో పామ్-ఆథ్-అప్‌డేట్, ఫెడోరాలో ఆథ్‌సెలెక్ట్ అనే సాధనాలు ఉన్నాయి. పామ్ (లాగిన్ తనిఖీలు చూసే లినక్స్ వ్యవస్థ) ఫైళ్లను చేత్తో మార్చక తప్పకపోతే, పని పూర్తయ్యేదాకా రూట్ (పూర్తి నిర్వాహక) అధికారంతో ఒక టెర్మినల్ తెరిచి ఉంచండి. లేకపోతే పొరపాటున మీ కంప్యూటర్‌లోకి మీరే వెళ్లలేని పరిస్థితి వస్తుంది.

స్లీప్ తర్వాతి మౌనానికి కారణం ఎక్కడుందో ఒక చిన్న పరీక్షతో తేల్చవచ్చు. ల్యాప్‌టాప్ లేచాక మళ్లీ ఎల్ఎస్‌యూఎస్‌బీ నడపండి. సెన్సర్ ఆ జాబితాలోనే లేకపోతే సమస్య కెర్నల్‌లోనో (లినక్స్ మూల భాగంలోనో) ఫర్మ్‌వేర్‌లోనో ఉంది. జాబితాలో ఉండి, ఎఫ్‌ప్రింట్‌డీ సర్వీసును రీస్టార్ట్ చేయగానే పనిచేస్తే, లోపం డ్రైవర్ వైపు ఉన్నట్టే. లిబ్‌ఎఫ్‌ప్రింట్ కొత్త వెర్షన్‌కు మారి చూడండి. బ్యాటరీ ఆదా కోసం టీఎల్‌పీ వంటివి వాడుతుంటే, సెన్సర్ గుర్తింపు సంఖ్యను వాటి మినహాయింపుల్లో చేర్చండి.

ప్రశ్న: వేలిముద్రతో లాగిన్ అయ్యాక కూడా కీరింగ్ (పాస్‌వర్డ్‌లను దాచిపెట్టే ఖజానా) పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇది లోపమా?

జవాబు: లోపం కాదు. కీరింగ్‌లోని రహస్యాలు మీ పాస్‌వర్డ్ నుంచి పుట్టిన తాళంచెవితో గుప్తీకరించి ఉంటాయి. వేలిముద్ర సరిపోయిందన్న సమాధానం నుంచి ఆ తాళంచెవిని తయారుచేయడం వీలు కాదు. అందుకే కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు మొదటి లాగిన్‌కు పాస్‌వర్డ్ వాడి, ఆ తర్వాత లాక్ స్క్రీన్‌కు, అలాగే నిర్వాహక అధికారంతో ఆదేశాలు నడిపే సుడో కోసం వేలిముద్రను ఉంచుకోండి.