చట్టం మారేదాకా ఆగకండి, ముందు పాలసీ తేదీ చూడండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా తాడిపత్రి. నాన్న పేరున 2019 ఆగస్టులో 3 లక్షల హెల్త్ పాలసీ తీసుకున్నాం. 2022 ఆగస్టులో రెన్యువల్ అప్పుడు దాన్ని 5 లక్షలకు పెంచాం. ప్రీమియం ఒక్కసారి కూడా ఆపలేదు. 2025 నవంబరులో బెంగళూరులో స్టెంట్లు వేశారు, బిల్లు 4.20 లక్షలు. పదేళ్లుగా షుగర్ ఉన్న సంగతి దాచారంటూ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. నిజానికి షుగర్ బయటపడింది 2021లో. టెక్సాస్‌లో ఉన్న తమ్ముడు అక్కడిలాగే రాష్ట్ర ప్రభుత్వానికి ఫిర్యాదు చేయమంటున్నాడు. ఏజెంటేమో చట్టం మారుతోంది, ఆగమంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మీ తమ్ముడు అక్కడి సంగతి సరిగ్గానే చెప్పాడు. అమెరికాలో బీమా కంపెనీలపై అజమాయిషీ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. మన దగ్గర బీమా రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో, అంటే కేంద్రానికే అధికారమున్న విషయాల్లో, 47వ అంశం. నియమాలు పెట్టేది హైదరాబాద్‌లో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ. అమరావతికి అర్జీ పెట్టినా మీ పని జరగదు.

ఇక ఏజెంటు మాట. 2025 డిసెంబరులో పార్లమెంటు బీమా చట్టాలను సవరించింది. అందులో అందరూ మాట్లాడుకున్నది విదేశీ పెట్టుబడి పరిమితిని 74 నుంచి 100 శాతానికి పెంచడం గురించి. దానికీ మీ నాన్న స్టెంట్లకూ సంబంధం లేదు. మీకు పనికొచ్చే మార్పు అంతకుముందే, 2024 ఏప్రిల్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. హెల్త్ పాలసీ తెగిపోకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత జబ్బు దాచారన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదు. మోసం చేశారని రుజువైతే తప్ప. ఈ గడువు ఇదివరకు 8 ఏళ్లు ఉండేది. మీ పాలసీ ఆ తేదీ తర్వాత కూడా రెన్యువల్ అయింది, ఆపరేషన్ నాటికి 75 నెలలు నిండాయి. కాబట్టి మొదటి 3 లక్షల విషయంలో కంపెనీ వాదన నిలవదు. రూమ్ రెంట్ పరిమితి, కో-పే (బిల్లులో కొంత వాటా మీరే కట్టడం) లాంటి కోతలు పాలసీలో ఉంటే అవి మాత్రం తప్పవు.

చిక్కు మిగతా 1.20 లక్షల దగ్గరే ఉంది. పెంచిన 2 లక్షలకు 60 నెలల లెక్క 2022 ఆగస్టు నుంచి మళ్లీ మొదలవుతుంది. అది ఇంకా నిండలేదు. పైగా అప్పటికి నాన్న షుగర్ మాత్రలు వాడుతున్నారు. పెంచేటప్పుడు ఆరోగ్యం గురించి ఫారంలో అడిగారా? 'లేదు' అని టిక్ పెట్టి ఉంటే, ఆ టిక్ ఏజెంటే పెట్టినా సరే, కింద సంతకం నాన్నదే. ఆ ఫారం కాపీ కంపెనీని అడిగి తీసుకోండి. అసలు ఏమీ అడగకుండానే పెంచి ఉంటే ఆ డబ్బు కూడా గట్టిగా అడగవచ్చు.

'పదేళ్ల షుగర్' ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఊహించగలను. అడ్మిషన్ టెన్షన్‌లో డ్యూటీ డాక్టర్ అడిగితే, పక్కనున్న చుట్టమెవరో 'పదేళ్ల నుంచి ఉంది సార్' అని ఉంటారు. అదే డిస్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. ఇలాంటివి నా దగ్గరికి చాలా వస్తాయి. దాచారని నిరూపించే భారం కంపెనీదేనని సుప్రీంకోర్టు 2024లో ఒక జీవిత బీమా కేసులో చెప్పింది. అయినా మీరు 2021 నాటి మొదటి రక్తపరీక్ష రిపోర్టు, మందుల చీటీ వెతికి పెట్టుకోండి. బెంగళూరు డాక్టరు దగ్గర సరిదిద్దిన లెటర్ తీసుకోండి.

ముందు ఇవన్నీ జతచేసి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. ఏడాదిలోపు వెళ్లాలి. చికిత్స బెంగళూరులో జరిగినా, మీరుండేది ఆంధ్రప్రదేశ్ కాబట్టి మీకు హైదరాబాద్ ఆఫీసే. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు. ఫిర్యాదు నాన్న సంతకంతోనే వెళ్లాలి. లాయర్లను రానివ్వరు. మా వాళ్లకు నచ్చని నియమమే గానీ మీకు మేలు.

అక్కడ పని కాకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ముందే అక్కడ కేసు వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. కమిషన్‌కు రెండేళ్ల గడువు. తిరస్కరణ లేఖ మీద ఉన్న తేదీని ఇప్పుడే ఒకచోట రాసి పెట్టుకోండి.