నోటుపుస్తకంలో మూడో పేరు

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. చాలాకాలంగా ఒక ప్రార్థన కూటం నడిపిస్తున్నాను. మా చెల్లెలి భర్త రెండేళ్ల కిందట పోయాడు. ఇద్దరు చిన్న పిల్లలు. అప్పటినుంచి ప్రతి రాత్రీ కుటుంబ ప్రార్థనలో దాని పేరెత్తి కన్నీళ్లతో ప్రార్థిస్తున్నాను. ప్రార్థన నోటుపుస్తకంలో దానిది మూడో పేరు. పుస్తకం నిండితే కొత్తదాంట్లోనూ మూడో పేరుగానే రాసుకుంటాను. పోయిన నెల మా అమ్మాయి (17) ప్రార్థన మధ్యలో లేచి, "దేవుడికి రోజూ చెప్తున్నావు నాన్నా, అత్తకి ఒక్కసారైనా ఫోన్ చేశావా?" అంది. ఆ రోజునుంచి ప్రార్థనకు కూర్చోవడం లేదు. నిజమే, ఏడాదిగా చెల్లెలితో నేను మాట్లాడలేదు. అది ఒకసారి డబ్బు సర్దమని అడిగితే "ప్రార్థన చేద్దాం అమ్మా" అని ఫోన్ పెట్టేశాను. తర్వాత మొహం చెల్లలేదు. కూటంలో పెద్దవాళ్లేమో, క్రియల వల్ల, అంటే మనం చేసే మంచి పనుల వల్ల, రక్షణ రాదు, మనసు కష్టపెట్టుకోకు అంటున్నారు. నా విశ్వాసంలో లోపముందా? అమ్మాయిని మళ్లీ దారిలోకి ఎలా తేవాలి?

జవాబు: రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం. మీ అమ్మాయి దారి తప్పలేదు. మీరు ఇన్నాళ్లూ చెప్పిన మాటల్ని ఇంట్లో అందరికంటే శ్రద్ధగా విన్నది తనే. వినకపోతే ఆ ప్రశ్న వచ్చేదే కాదు.

ఇక మొదటిది. మీ కన్నీళ్లు అబద్ధమని నేననుకోను. అయితే ఆ కన్నీళ్లు మీకొక పని చేసిపెడుతున్నాయి. రోజంతా చెల్లెలి గురించి గుచ్చుకునేది ఏదో ఉంటుంది కదా, అది రాత్రి ప్రార్థనతో చల్లారిపోతోంది. "ఈ రోజుకు దానికోసం చెయ్యాల్సింది చేశాను" అన్న తృప్తితో పడుకుంటున్నారు. అక్కడ చెల్లెలికి మాత్రం ఆ రోజూ ఫోన్ రాలేదు.

మీరు చదివే బైబిల్లోనే యాకోబు పత్రిక, అంటే ఆయన విశ్వాసులకు రాసిన ఉత్తరం, ఉంది. కట్టుకోవడానికి బట్టా, ఆ పూటకు తిండీ లేని తోబుట్టువుతో "సమాధానంగా వెళ్లు, చలి కాచుకో, కడుపు నింపుకో" అని చెప్పి, ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ఏం ప్రయోజనమని రెండో అధ్యాయంలో అడుగుతాడాయన. "ప్రార్థన చేద్దాం అమ్మా" అని ఫోన్ పెట్టెయ్యడం అచ్చంగా ఇదే. నమ్మడం వరకైతే దయ్యాలూ నమ్ముతాయి, నమ్మి వణుకుతాయి అని కూడా అక్కడే అంటాడు. అంతకు ముందు అధ్యాయం చివర్లో, నిజమైన భక్తి అంటే తండ్రి లేని పిల్లల్నీ భర్త పోయినవాళ్లనీ వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడం అని ఉంది. పరామర్శ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. మనిషి కదిలి వెళ్లాలి.

మీ పెద్దవాళ్ల మాట తప్పని నేననను. క్రియల వల్ల కాదు, కృప వల్లనే అని ఎఫెసీయుల పత్రిక రెండో అధ్యాయం 8, 9 వచనాల్లో ఉన్నమాట వాస్తవం. పదో వచనం దాకా చదవమని మాత్రం అడుగుతాను. మనం సృష్టింపబడిందే సత్క్రియలు చెయ్యడానికని ఆ వెంటనే ఉంది. తొమ్మిదో వచనం దగ్గర పుస్తకం మూసేస్తే సౌకర్యంగా ఉంటుంది, అంతే.

మీరు చెడ్డవారని కాదు నేనంటున్నది. 1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో, దైవశాస్త్రం చదివే విద్యార్థుల మీద చేసిన పరిశోధన ఒకటి ప్రచురించారు. వాళ్లలో కొందరిని మంచి సమరయుని కథ (దారిలో దెబ్బలు తిని పడున్నవాణ్ణి అందరూ దాటిపోతే, ఆగి సాయం చేసిన పరాయివాడి గురించి యేసు చెప్పిన కథ) మీద ప్రసంగించమన్నారు. ప్రసంగానికి పక్క భవనానికి వెళ్లే దారిలో ఒక మనిషి కూలబడి దగ్గుతూ, మూలుగుతూ ఉండేలా ఏర్పాటు చేశారు. తొందర లేనివాళ్లలో 63 శాతం ఆగి సాయం చేశారు. బాగా ఆలస్యమైందని చెప్పి పంపినవాళ్లలో ఆగింది 10 శాతమే. మంచి సమరయుని గురించి మాట్లాడబోతున్నామన్న సంగతి చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలేదు. ఆ కథ మీద ప్రసంగించడానికి వెళ్తూ ఆ మనిషిని దాటుకుపోయినవాళ్లూ ఉన్నారు! వాళ్లను ఆపింది తొందర, మిమ్మల్ని ఆపుతున్నది సిగ్గు. డబ్బు విషయంలో తప్పించుకున్నాననే సిగ్గు. ఆలస్యమయ్యేకొద్దీ అది పెరుగుతుందే గాని తగ్గదు.

కాబట్టి ఫోన్ చెయ్యండి. "వీలు చూసుకుని చేస్తాను" అనుకుంటే మరో నోటుపుస్తకం నిండుతుంది. రోజూ తప్పకుండా చేసే పని ఏదో ఒకదానికి ముడిపెట్టుకోండి. ఉదయం వాక్యం చదివి పుస్తకం మూయగానే, లేచేలోపు, అనుకోండి. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఇలా ముందే ఖాయం చేసుకున్నవాళ్లు అనుకున్న పని చేసే అవకాశం ఎక్కువని గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పరిశోధనలు చెబుతున్నాయి.

ఏం మాట్లాడాలి? "అమ్మా, నువ్వు అడిగినప్పుడు నేను తప్పించుకున్నాను. తప్పు నాది." చాలు. ఎందుకలా చేశానో వివరించబోకండి. వివరణ మొదలైతే మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. వాక్యం ఎత్తకండి, ఆ ఒక్క ఫోన్‌కి. ఆమె కోపంగా రెండు మాటలంటే వినండి. ఏడాది దాచుకున్న మాటలవి.

"ఏం కావాలన్నా అడుగు" అని మాత్రం అనొద్దు. ఆ తప్పు నేనూ చేశాను. భర్త పోయిన స్నేహితురాలికి "ఏ అవసరమొచ్చినా ఫోన్ చెయ్యి" అని చెప్పి, పెద్ద సాయం చేసినట్టు ఇంటికొచ్చాను. ఆమె ఎన్నడూ చెయ్యలేదు. చాలా రోజుల తర్వాత కలిసినప్పుడు "ఏమని చెయ్యను? నాకేం కావాలో నాకే తెలియలేదు" అంది. అందుకని మీరే తేల్చి చెప్పండి: "శనివారం పొద్దున వస్తాను, పిల్లల్ని సాయంత్రం దాకా నేను చూసుకుంటాను." ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన కాగితాలు ఇంకా మిగిలే ఉండొచ్చు. ఆ వరసలో ఆమె పక్కన నిలబడటం చిన్న సాయమేం కాదు.

డబ్బు సంగతి మీ భార్యతో కూర్చుని ముందే తేల్చుకోండి. తిరిగి రాకపోయినా బాధపడనంత ఎంతో ఒక అంకె అనుకోండి. అది ఎంత చిన్నదైనా అప్పు అనకుండా ఇచ్చెయ్యండి. అసలు ఇవ్వలేని పరిస్థితి అయితే ఆ మాటే సూటిగా చెప్పండి. ప్రార్థనను అడ్డం పెట్టుకోకండి.

ఇంకొకటి, ఇది మీకు కష్టంగా ఉండొచ్చు. ఈ సంగతి కూటంలో సాక్ష్యంగా చెప్పకండి, కనీసం కొన్ని నెలలపాటు. ఇలా చెయ్యబోతున్నానని నలుగురికీ చెప్పి, వాళ్లు మెచ్చుకునేసరికి పని సగం అయిపోయినట్టు మనసు చల్లబడిపోవచ్చని కూడా అదే గోల్‌విట్జర్ బృందం 2009లో రాసింది. ఇన్నాళ్లూ మీ ఇంట్లో రాత్రి ప్రార్థన దగ్గర జరుగుతున్నది దాదాపు అదే.

రాత్రి ప్రార్థన మానమనడం లేదు. మూడో పేరు దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఆ వారం ఆమెకోసం ఏం చేశారో పక్కన రాయండి. రాయడానికేమీ లేకపోతే ఖాళీ వదలండి. ఆ ఖాళీ మీ కళ్లకు కనపడాలి.

ఫోన్ ఎత్తకపోవచ్చు. అలిగిందని వదిలెయ్యకండి. "శనివారం వస్తున్నాను" అని రెండు ముక్కల మెసేజ్ పెట్టి వెళ్లండి. గుమ్మంలోనే నిలబెడితే నిలబడండి. మళ్లీ వారం మళ్లీ వెళ్లండి.

మీ అమ్మాయితో ముందుగా ఒక మాట చెప్పండి: "నువ్వడిగింది నిజమే." తనూ వస్తానంటే తీసుకెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు దారిలో, ఈ రాత్రి ప్రార్థనకు కూర్చుంటావా అని మాత్రం అడగకండి.