బీవర్లను రప్పించడానికి వాగులో మనుషులే కట్టలు ఎందుకు కడతారు?

కొమ్మలు, బురదతో వాగుకు కట్టలు కట్టే బీవర్ అనే ఎలుక జాతి జంతువుకు బతకడానికి లోతైన నిలవ నీరు కావాలి, పాడైన వాగులో అది ఉండదు కాబట్టి. ఈ జంతువు ఇంటి గుమ్మం నీటి అడుగున ఉంటుంది. నీరు మడమల లోతుకు తగ్గితే కొయోటీలకు (నక్కలాంటి జంతువులు), ప్యూమాలకు (పెద్ద అడవి పిల్లులు) సులువుగా దొరికిపోతుంది. పైగా వాగు కోసుకుపోయి లోతైన కాలువలా మారితే, వరద అంతా ఆ ఇరుకులోనే దూకి బీవర్లు కట్టుకున్న కట్టల్ని ఊడ్చేస్తుంది.

అమెరికాలోని ఓరెగాన్‌లో బ్రిడ్జ్ క్రీక్ అనే వాగుది ఇదే పరిస్థితి. 2009 నుంచి అక్కడ వాగుకు అడ్డంగా కర్ర గుంజలు వరసగా దిగ్గొట్టారు. కొన్నిచోట్ల వాటి మధ్య విల్లో అనే చెట్టు కొమ్మల్ని తడికలా అల్లి, అడుగున బురద, రాళ్లు, గడ్డి కూరారు. నీరు నెమ్మదించి మట్టి పేరుకుంది, వాగు అడుగు పైకి లేచింది, నీరు పక్క నేలల్లోకి పారింది. బీవర్లు ఆ గుంజల్నే ఆసరా చేసుకుని తమ కట్టలు కట్టాయి. స్టీల్‌హెడ్ చేపపిల్లలు కూడా ముందుకంటే ఎక్కువగా బతికాయి.

ఇంత కష్టం దేనికి, నాలుగు బీవర్లను పట్టి తెచ్చి వదిలేస్తే పోదా అని చాలామంది అనుకుంటారు. లోతు నీరు, తినడానికి విల్లో లేనిచోట వదిలితే అవి వెళ్లిపోతాయి, లేదా వేటకు బలవుతాయి. ఈ కట్టలు చెక్‌డ్యామ్‌లలా శాశ్వతమైనవీ కావు. నీరు కారుతుంది, కొన్ని తెగుతాయి, తెగినా ఫర్వాలేదు.