ముందు బోరు నీళ్ళ సంగతి చూడు

చిట్టితల్లీ,

చెన్నైలో మీ పెరుంబాక్కం మేడ మీద బెండ, వంగ మొక్కలు వాడిపోతున్నాయనీ, అమైనో ఆమ్లాల సీసా కొని చల్లమంటావా అనీ అడిగావు. సీసా సంగతి తర్వాత, ముందు నీళ్ళు చూడమ్మా.

ఆవకాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది కదా! మీ బోరు నీళ్ళ ఉప్పు కూడా అంతే. కుండీలో తడి ఉన్నా వేళ్ళను తాగనివ్వదు. అప్పుడు మొక్క గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం నుంచి ప్రోలీన్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని చేసుకుని కణాల్లో నింపుకుంటుంది. అది నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, బాగా పోగైనా ఎంజైములకు అడ్డు రాదు. లోపల చిక్కదనం పెరిగి, ఉన్న నీళ్ళు బయటికి జారవు. వాడిన రైగడ్డిలో ఇలా ప్రోలీన్ పోగవడం 1954లోనే గమనించారు. మా కాలేజీ ల్యాబులో నీళ్ళు మాన్పించిన పెసర ఆకులు నూరి, ప్రోలీన్ ఉంటే ఎరుపెక్కే నిన్‌హైడ్రిన్ అనే మందుతో వేడిచేసి, టోలుయీన్ అనే ద్రావకం పోసి కుదిపితే పై పొర ఎర్రగా తేలేది. నీళ్ళు పోసిన మొక్కల గొట్టంలో లేత గులాబీయే. ఆ ఎరుపు చూసినప్పుడల్లా పాపం ఎంత కష్టపడిందో అనిపించేది. ప్రోలీన్‌కు పెట్టిన ఆ ఖర్చంతా లేకపోతే పిందెలకు పోయేదే మరి.

మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేచే ఆకు గురించి టెన్షన్ పడకు. తెల్లారినా వాలే ఉంటే మట్టిలో వేలు పెట్టి చూడు. పొడిగా ఉంటే నీళ్ళు పొయ్యి. తడిగా ఉండి ఆకు అంచులు మాడుతుంటే ఉప్పని అనుమానించు. కుళాయిలో వచ్చే మెట్రో వాటర్ గానీ వాననీళ్ళు గానీ కుండీ అడుగు చిల్లులోంచి ధారగా కారేదాకా పొయ్యి. ఆర్‌ఓ మెషిన్ వదిలే నీళ్ళు మాత్రం పోయకు, బోరు ఉప్పంతా చేరేది వాటిలోకే. మట్టి మీద ఎండుటాకులు పరుచు. కత్తిరి ఎండలు పోయేదాకా షేడ్ నెట్ తీయకు.

నీళ్ళు అందగానే మొక్క దాచుకున్న ప్రోలీన్‌ను విడగొట్టి శక్తిగా వాడుకుంటుంది. ఆ నాలుగు రోజులూ డీఏపీ, పొటాష్ ఎరువుల జోలికి పోకు, అవీ ఉప్పులే. కొత్త చిగురు కనబడ్డాక కావాలంటే మీ పక్కింటివాళ్ళు చేపలూ బెల్లమూ ఊరబెట్టి చేసే మీన్ అమిలం (అదీ అమైనో ఆమ్లాల మందే) లీటరు నీళ్ళకు 5 మి.లీ. కలిపి సాయంత్రం పూట చల్లు. మంచిదే, కానీ ఉప్పు నీళ్ళు మానకుండా అదొక్కటే చల్లితే డబ్బు దండగ.

ఆదివారం వస్తాను. బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి ఉంచు, నీళ్ళలో కరిగిన ఉప్పు ఎంతుందో చూపే టీడీఎస్ మీటరు తెస్తా.

మీ పెద్దమ్మ