రోమన్ నాణేనికి బొరుసు ఎటువైపు?

సందేహం: రోమన్ చక్రవర్తుల బంగారు నాణేల మీద వ్యాసం రాస్తున్నాను. చక్రవర్తి తల ఉన్న వైపును బొమ్మ అనీ, రెండోదాన్ని బొరుసు అనీ రాశాను. రెండు వైపులా బొమ్మలే ఉంటే బొరుసు ఎక్కడిదని ఒక మిత్రుడి ఆక్షేపణ. వాటిని దీనారాలు అనొచ్చా అన్నది ఇంకో సందేహం.

సమాధానం: మీరు రాసిందే సరి. బొరుసు అంటే ఏమీ లేని నున్నటి వైపు అని ఎవరూ అనుకోరు, మన రూపాయి మీద మనిషి తలే లేదు, అయినా సింహాలున్న వైపుని బొమ్మ అంటూనే ఉన్నాం కదా! రాజ్యం గుర్తు ఉన్నది బొమ్మ, రెండోది బొరుసు, అంతే. మీ మిత్రుడికి ఈ మాట చెప్పండి.

అయితే ఒక్క బొరుసు అని వదిలేస్తే మాత్రం వ్యాసం చప్పగా ఉంటుంది, ఎందుకంటే రోమ్ వాళ్ల ప్రచారం సగానికి సగం అటువైపే ఉంది. బొమ్మ వైపు పక్కకి తిరిగిన ముఖం, చుట్టూ పేరూ బిరుదులూ. తిప్పితే గెలిచిన యుద్ధం, కట్టించిన కట్టడం, విజయదేవత, ఏదైనా ఉండొచ్చు. ఈజిప్టును గెలిచాక అగస్టస్ వేయించిన నాణేల బొరుసు మీద ఒక మొసలి, 'ఈజిప్టు చిక్కింది' అనే అర్థంలో రెండు లాటిన్ మాటలు. అంతకుముందు, క్రీ.పూ. 42లో బ్రూటస్ ఇంకా తెగించాడు: రాజరికం వద్దని సీజర్‌ని చంపినవాడు బొమ్మ వైపు తన తలే వేయించుకుని, బొరుసు మీద రెండు బాకులు, మధ్యలో బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు పెట్టుకునే టోపీ చెక్కించాడు. కాబట్టి 'బొరుసు మీద మొసలి', 'బొరుసు మీద బాకులు' అని విడమర్చి రాయండి. ముఖాన్ని 'ప్రతిమ' అనకండి, విగ్రహం అనుకుంటారు. తల అంటే చాలు.

మన దక్షిణాదిలో ఈ తేడా తెలిసినవాళ్లు అప్పుడే ఉన్నారు. 1898లో పుదుక్కోట్టై ప్రాంతంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చాలావాటికి సరిగ్గా చక్రవర్తి తల మీదే గాటు పెట్టి ఉంది.

ఇక దీనారం. రోమ్‌లో డెనేరియస్ వెండిది, బంగారుది ఆరియస్, పాతిక డెనేరియస్‌లకి ఒక ఆరియస్. సంస్కృతంలోకి వచ్చేసరికి ఆ వెండి నాణెం పేరు బంగారానికి అంటుకుంది, గుప్తుల శాసనాల్లో దీనారమంటే బంగారు నాణెమే. శ్రీనాథుడి దీనార టంకాలు గుర్తొచ్చి మీకు ఆ మాట మీద మోజు కలిగి ఉంటుంది, కానీ రోమ్ గురించి రాసేటప్పుడు వద్దు, లెక్క పాతిక రెట్లు తప్పుతుంది. ఆరియస్ అనే రాయండి, మొదటిసారి పక్కన 'బంగారు నాణెం' అని చేర్చండి.